మా మామయ్య పొగపీపా

మా మామయ్య పోయి ఈ శనివారానికి నలభై రోజులయింది. ఆ రోజు పొద్దున ఆరున్నరకు అత్తయ్య కాఫీ ఇస్తే సగం తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, కాసేపు పడుకుంటానని మంచం మీద ఒరిగాడట. ఎనిమిదింటికి ఇడ్లీలు చల్లారిపోతున్నాయని లేపబోతే లేవలేదు. మేముండేది చెన్నైలో ఒక చివర, పెరుంగుడిలో. ఆటోలో ఇంకో చివర వాళ్ళుండే వ్యాసర్పాడి చేరేసరికి పది దాటింది. దారి పొడుగునా నా భార్య నన్ను అడిగింది ఒక్కటే.

"పోయిన శనివారం పొగ పెట్టినప్పుడు నాయన దగ్గినాడా?"

గుర్తు లేదన్నాను. గుర్తుంది. దగ్గాడు.

ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆయనెవరో మీకు తెలియాలి. బొగ్గు ఇంజన్లు నడిచే రోజుల్లో మామయ్య రైల్వే షెడ్డులో క్లీనరుగా చేరాడు. ఇంజను ముందు భాగంలో పొగంతా చేరే గది ఒకటి ఉంటుంది. షెడ్డుకొచ్చిన ఇంజను చల్లారుతుండగా అందులోకి దూరి మసీ, బూడిదా పారతో ఎత్తిపోయడం కొత్తగా చేరినవాళ్ళ పని. బొగ్గు ఇంజన్లు పోయాక ఫిట్టరయ్యాడు, ఫిట్టరుగానే రిటైరయ్యాడు. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆదివారం తెలుగు చర్చి. పత్రికలో రాసేంత విశేషమైన మనిషి కాదని మీరనుకోవచ్చు. ఆయన కూడా అదే అనేవాడు.

వాళ్ళ ఇంటి వెనక, బాత్రూముకీ ప్రహరీకీ మధ్య కాస్త జాగాలో ఒక ఇనుప పీపా నిలబెట్టి ఉంటుంది. చూలై పేటలో ఒక వెల్డింగు షాపుకు మోసుకెళ్ళి, అడుగున నిప్పుకు చిన్న తలుపు కోయించి, పైన మూతకు గొట్టం అతికించి తెచ్చాడు. లోపల ఒకదాని పైన ఒకటి రెండు ఇనుప జాలీలు. వాటి కింద, కొవ్వు కారి నిప్పులో పడకుండా ఒక రేకు పళ్ళెం. ఈ ఊళ్ళో వానలు పట్టుకుంటే ఉప్పుకండ ఎండదు. డాబా మీద ఆరేసిన మాంసం మూడో రోజుకు వాసన కొడుతుంది. వాళ్ళమ్మ కట్టెల పొయ్యి పైన తీగ కట్టి వేలాడదీసేదట. ఇంటికి గ్యాసు రావడంతో ఆ పొగ లేకుండా పోయింది. అందుకని ఈ పీపా. అడుగున సరుగుడు కట్టెల నిప్పు, నిప్పు మీద జామకొమ్మలు. ఐదారు గంటలు ఆ పొగలో ఊరిన మాంసం ఇటుక రంగు తిరిగేది. శనివారం పొద్దున పెడితే సాయంత్రానికి అయ్యేది. వీధిలో వాళ్ళు కూడా చేపలు తెచ్చి ఇచ్చేవాళ్ళు.

నేను ఆ ఇంటికి అల్లుణ్ణయిన తీరు అంత బాగుండదు. మాది ఒంగోలు దగ్గర ఊరు. నేనూ నా భార్యా ఒకే ఆఫీసు. పెళ్ళి మాటలకు మామయ్య, అత్తయ్య మా ఊరు వచ్చారు. మా నాన్న వరండాలో కుర్చీలు వేయించాడు. అక్కడే మాట్లాడి అక్కణ్ణించే పంపించాడు. లోపలికి రమ్మనలేదు. మా అమ్మ మంచినీళ్ళు తెచ్చేలోపే వాళ్ళు లేచి నిలబడ్డారు. నేను గుమ్మంలో నిలబడి అంతా చూశాను. ఒక్క మాట అనలేదు.

రిజిస్టరాఫీసులో పెళ్ళయింది. ఆ తర్వాత ఏడాది పాటు మామయ్య నాతో మాట్లాడలేదు. తిట్టిందీ లేదు, ముఖం తిప్పుకున్నదీ లేదు. ప్రతి శనివారం మేము వెళ్ళేవాళ్ళం. "అతన్ని తినమను." "అతనికి ఫ్యాను వెయ్యి." ఏం చెప్పాలన్నా కూతురి వైపు తిరిగి చెప్పేవాడు. అన్నం తిన్నాక నేను ముందుగదిలో టీవీ చూస్తూ కూర్చునేవాణ్ణి. సాయంత్రం వెనక నుంచి ఇనుము మీద గీకుతున్న చప్పుడు గంటసేపు వినిపించేది. ఏమిటా చప్పుడని వెళ్ళి చూడాలని నాకు తోచలేదు. అల్లుణ్ణి కదా.

మరుసటి ఏడు మామయ్యకు కంటిలో శుక్లాలు తీశారు. ఆయన ఆసుపత్రిలో ఉన్న ఆ శనివారం, నా భార్యకు అప్పుడు ఐదో నెల, పొగ పెట్టిన మటను తినాలని ఉందంది. దానిదేముంది, నేను పెడతానన్నాను. కొవ్వు బాగా ఉన్న ముక్కలు తెచ్చి, కట్టెలు అంటించి, జామకొమ్మలు వేశాను. రేకు పళ్ళెం వైపు చూడనే లేదు. అందులో, చూపు ఆనక మామయ్య ఆ ముందు వారం తీయని కొవ్వు గడ్డకట్టి ఉంది. రెండు గంటలయ్యాక గొట్టంలోంచి పసుపచ్చటి పొగ దట్టంగా రావడం మొదలైంది. ఏమయిందోనని మూత తెరిచాను. మంట నా తల ఎత్తున లేచింది. నీళ్ళ బకెట్టు ఎత్తబోతే అత్తయ్య పరుగున వచ్చింది.

"నీళ్ళు వద్దు పా. మూత వేసెయ్యి."

నేను బకెట్టు దగ్గరే నిలబడిపోయాను. ఆమె తడి గోనెపట్టాతో మూత పట్టి మూసి, వంగి కింద తలుపు కూడా నెట్టేసింది. గాలి అందక మంట చచ్చింది. పక్కింటి తాటాకు కొట్టం అంచు కమిలింది గానీ అంటుకోలేదు. అత్తయ్య కుడి ముంజేయి మాత్రం తలుపుకు తగిలి జానెడు పొడుగున కాలింది.

మర్నాడు మామయ్య కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఇంటికొచ్చాడు. అత్తయ్య చెయ్యి చూశాడు. వెనక్కి వెళ్ళి పీపా చూసి వచ్చాడు.

"ఎవురు తెరిచినారు మూత?"

"నేనే," అంది అత్తయ్య.

"నేను తెరిచాను మామయ్యా," అన్నాను.

కట్టు లేని కంటితో నన్ను కాసేపు చూశాడు. ఏడాదిలో మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు. "చొక్కా తీసేసి రా. మసి అంటితే పోదు."

అత్తయ్య అడ్డం వచ్చింది. "అల్లుడి చేత మసి గీకిస్తావా? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"వచ్చి తినేసి పోయే అల్లుడైతే కూచోబెట్టు. ఈడ మనిషిగా ఉండాలంటే గీకాల."

ఆయన వంగకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని గోడవారగా స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. ముందు పళ్ళెం. గడ్డకట్టిన కొవ్వు గరిటెతో ఎత్తి పాత పేపర్లో చుట్టాలి, తూములో పోయకూడదు. తర్వాత బూడిద, చివరి చిటికె దాకా తీసెయ్యాలి. "బూడిద తేమ పీలుస్తాది. మన ఊరు సముద్రం ఊరు. వారం దినాలు బూడిద వదిలితే అడుగు తినేస్తాది." ఆ తర్వాత మూత, గొట్టం. గొట్టం లోపల నల్లటి జిగురు, తారులాగా, పొరలు పొరలుగా పట్టి ఉంది. అది వేడెక్కి కరిగి మాంసం మీద బొట్లుగా పడుతుందట. చేదంతా అక్కణ్ణించే వస్తుంది.

"చెయ్యి పెట్టి చూడు. కంటికి అంతా నలుపే. వేలికి తెలుస్తాది."

వేలితో తడిమాను. ఒకచోట గరుకుగా పెచ్చులు, ఒకచోట నున్నగా గట్టిగా.

"పెచ్చులు గీకు. నున్నంగా ఉండేదాన్ని ముట్టుకోవద్దు. అది మసి కాదు, పొగ. పదేండ్లు పట్టింది దానికి. అది ఉంటేనే తుప్పు పట్టదు. సబ్బు పెట్టి తోమితే మళ్ళీ మొదటికొస్తాది."

ఎంతసేపు గీకానో తెలియదు. ఇద్దరం పీపా వైపే చూస్తున్నాం, ఒకరి ముఖం ఒకరం చూడనవసరం లేదు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

"ఆ రోజు మా ఇంట్లో నేను నోరు విప్పలేదు మామయ్యా."

"ఆ మూలన ఇంకా ఉండాది చూడు."

గీకాను. ఆ మూల అయ్యాక ఆయనే అన్నాడు. "నువ్వు గుమ్మంలో నిలబడుకోని ఉండావు. నేను చూసినా. నాకు కోపం దానికే. మీ నాయన మీద కాదు. ఆయన నాకు ఏమవుతాడు."

జాలీలు రెండూ తీసి బకెట్టులో వేసి, కొబ్బరి పీచుతో తోమడం మొదలుపెట్టాను. ఆయన స్టూలు మీంచి లేచి వచ్చాడు. డాక్టరు వద్దన్నా వంగి, ఒక జాలీని బకెట్టులోంచి బయటికి తీశాడు. దాని మూల రాగితీగ చుట్టి ఉంది.

"ఇది వేరే తోమాల. వేరే నీళ్ళు, వేరే పీచు."

"ఎందుకు?"

ఆయన దాన్ని కుళాయి కింద పెట్టి కడగసాగాడు. చెప్పింది అత్తయ్య, గుమ్మంలోంచి. "అది నీది పా. దాని మీద పెద్దకూర పెట్టేది లేదు. పెండ్లి అయిన వారమే చేయించినాడు. పైవరసలో పెడతాడు, వేరేది ఏదీ దాని మీద కారకుండా."

పెద్దకూరంటే గొడ్డుమాంసం, నేను తినను. నాతో మాట్లాడని ఆ ఏడాదంతా ప్రతి శనివారం ఆయన ఆ జాలీని విడిగా తోమి, విడిగా నూనె రాసి, విడిగా మేకుకు తగిలించాడు. నేను ముందుగదిలో టీవీ చూస్తూ విన్న చప్పుడులో అది కూడా ఉంది.

ఆ వారం నుంచి గీకడం నా పనయింది. గోరువెచ్చగా ఉన్నప్పుడే గీకాలనేది ఆయన మొదటి నియమం. పూర్తిగా చల్లారితే, ఆ మొదటి రోజు లాగా, జిగురు రాయిలా పట్టేస్తుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. సాయంత్రం ఐదు ప్రాంతంలో పీపాకు అరచెయ్యి ఆనించి, "ఇప్పుడు" అనేవాడు. గీకడానికి షెడ్డు నుంచి తెచ్చుకున్న పాత రంపపు బ్లేడు ముక్క, పిడికి సైకిలు ట్యూబు చుట్టినది. అంతా అయ్యాక జాలీలకు వేరుశనగ నూనె రాసి, పీపాలో నాలుగు పుల్లలు వేసి కాసేపు ఖాళీగా మండించేవాళ్ళం. వానాకాలంలో టార్పాలిను కప్పినా మూత కింద ఒక పుల్ల అడ్డం పెట్టేవాడు. గాలి ఆడకపోతే బూజు పడుతుందట. మూత బందులకు చుక్క నూనె వేసి, చప్పుడు రాకుండా తెరుచుకుంటే ముఖంలో చిన్న తృప్తి కనిపించేది. కొన్నాళ్ళకు "అతను" పోయి "మాప్లే" అయ్యాను, తమిళంలో అల్లుడు.

మాకు పాప పుట్టిన మూడో నెలలో మా అమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నాన్నకు చెప్పే వచ్చిందట, ఆయన వద్దనలేదట. పాపను ఒళ్ళో వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంది. అత్తయ్య కాఫీ ఇస్తే తాగింది. అన్నం దగ్గరికి వచ్చేసరికి, బస్సు ప్రయాణానికి కడుపు బాగాలేదంది. అందరికీ అర్థమయింది. మామయ్య వెనక్కి వెళ్ళి రాగితీగ జాలీ పట్టుకొచ్చి ఆమె ముందు నేల మీద పెట్టాడు.

"చూడమ్మా. ఇది మీ అబ్బాయిది. దీని మీద మటను, చేపలు తప్ప ఇంకొకటి పెట్టలేదు. వేరేగా కడుగుతాము. ఈ దినం దీని మీద వంజరం చేప పెట్టినా. పొగ మాత్రం ఒకటే. దాన్ని వేరు చెయ్యను నాకు చేతగాదు. మీకు సరి అనిపిస్తే తినండి. లేదంటే అరటిపండ్లు ఉండాయి. దాంట్లో తప్పేమీ లేదు."

అమ్మ ఆ జాలీ వంక చూసింది. మూల రాగితీగను వేలితో ముట్టుకుంది. నా వంక చూసింది.

"పొగకేముంది అన్నయ్యా," అంది. "పెట్టండి."

రెండు ముక్కలు తింది. ముళ్ళు తీసి పళ్ళెం అంచున వరసగా పేర్చుకుంటూ నిదానంగా తింది. వెళ్ళేటప్పుడు కొంచెం చేప అరిటాకులో చుట్టి ఇస్తే తీసుకుంది. ఊళ్ళో నాన్న తిన్నాడా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

రెండేళ్ళ కింద మామయ్యకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. చిన్నప్పుడు ఏం పని చేశారని డాక్టరు అడిగితే చెప్పాడు. అదే కారణం అయి ఉంటుందని, ఇక పొగ దగ్గరికి వెళ్ళకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చిన వెంటనే అత్తయ్య పీపాను పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామంది. నేనూ అదే మంచిదన్నాను. ఆ శనివారం పీపా వెలిగించలేదు. తర్వాతి శనివారమూ వెలిగించలేదు. ఆయన మధ్యాహ్నం పూట మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నిద్రపోయేవాడు కాదు.

మూడో శనివారం నేనే వెళ్ళి నిప్పు వేశాను. అత్తయ్య నన్ను కోప్పడింది. ఆయన లేచి వచ్చి, గాలి ఎటునుంచి వస్తోందో చూసి, కుర్చీ ఆ వైపున దూరంగా వేసుకుని, ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. "తెల్ల పొగ వస్తా ఉండాది మాప్లే. కొమ్మ మరీ పచ్చిది. తలుపు కొంచెం తెరువు." గీకేటప్పుడు మటుకు దగ్గరికి వచ్చేవాడు. అప్పుడు పొగ ఉండదు కదా అని నేను ఊరుకునేవాణ్ణి. అట్లా రెండేళ్ళు గడిచాయి.

చివరి శనివారం నేనొక్కణ్ణే వెళ్ళాను. గాలి ఒక్కసారి మళ్ళింది. పొగ ఆయన మీదికి పోయింది. తువాలు జారింది. చాలాసేపు దగ్గాడు. లోపలికి వెళ్ళండి మామయ్యా అంటే చెయ్యి ఊపాడు. "పోతాదిలే. గాలి తిరుగుతాది." నేను కుర్చీ జరిపాను. అంతకు మించి ఏమీ చేయలేదు. అదే నేను ఆటోలో దాచిన సంగతి.

సమాధులతోట నుంచి వచ్చిన సాయంత్రం నా భార్యకు నిజం చెప్పాను.

"తెలుసు," అంది. "అమ్మ చెప్పింది. నువ్వు చెబుతావా అని చూసినా."

"నా వల్లనే అనుకుంటున్నావా?"

ఆమె తొందరపడి కాదనలేదు. "తెలియదు. డాక్టరు గుండె ఆగిపోయింది అన్నాడు. నాకు నీ మీద కోపంగానే ఉండాది. నాయన మీద గూడా. గోడ వైపు తిరిగి పండుకోని ఇంకో రెండేండ్లు ఉండేటోడేమో. అట్లా ఉండాల్నని నేను అడిగి ఉంటానా, అదీ తెలియదు." లేచి నిలబడుతూ అంది. "ఇప్పుడు నన్ను ఏమీ అడగొద్దు."

అడగలేదు. ఆ వారమే నాన్న ఫోను చేశాడు. పెద్దాయన ఎలా పోయాడని అడిగాడు. చెప్పాను. "ఆ రోజు లోపలికి రమ్మనాల్సింది," అన్నాడు. ఆ మాట వినాల్సిన మనిషి లేడని ఆయనకూ తెలుసు.

నలభయ్యో రోజు ప్రార్థన అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. వారం రోజులుగా వానలు. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. నా భార్య వెనక్కి వెళ్ళి టార్పాలిను ఎత్తి చూసి నన్ను పిలిచింది. మూత కింద పుల్ల పెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. లోపలంతా తెల్లటి బూజు, దూదిలా.

"ఇట్లా వదిలేస్తే పాడైపోతాది," అంది.

బూజు పట్టినదాన్ని ముందే గీకకూడదు. బాగా మండించి, కాలిపోయాక గీకాలి. ఆయనే చెప్పాడు. సరుగుడు కట్టెలు వేసి అంటించాను. గంటసేపు మండాక బూజు పోయి, ఇనుము మళ్ళీ నల్లబడింది. నిప్పు తగ్గనిచ్చి, అరచెయ్యి ఆనించి చూసి గీకాను. గొట్టం, మూత, అడుగు. జాలీలు వేర్వేరుగా కడిగి నూనె రాశాను. ఇంక చివరి పని, ఖాళీగా కాసేపు పొగ పెట్టడం. ఇంట్లో జామకొమ్మలు లేవు. అత్తయ్య పక్కింటికి వెళ్ళి రెండు విరిచి తెచ్చి, నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

మొదట తెల్లగా వచ్చింది పొగ. తలుపు కొంచెం తెరిచాను. కాసేపటికి పలచబడి నీలంగా తిరిగింది. నా భార్య ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి పీపాకు ఎదురుగా వేసుకుంది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంది, ముడి విప్పేసింది. ఇంతలో గాలి మళ్ళి పొగ తిన్నగా ఆమె మీదికే వచ్చింది. పక్కకు జరుగుతుందనుకున్నాను. కళ్ళు మూసుకుని, ముఖం కొంచెం పైకెత్తి, అక్కడే కూర్చుంది.